వరదానం ఆంప్లిఫయరు, పుష్పకుమారి చిక్కుడుకాయలు

అనకాపల్లిలో వరదానం చేతి వాల్వు ఆంప్లిఫయరు కావాలంటే ముందు ఇంట్లో పెళ్ళిచూపులకు సిద్ధపడాలి. వేళాకోళానికి అనడం లేదు, ఆయన పద్ధతే అది. ఆంప్లిఫయరును పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చి దిగుతాడు. మీ స్పీకర్ల చుట్టూ ఒకసారి తిరుగుతాడు. చెక్కను వేలితో కొట్టి చూస్తాడు. తీగలు కలిపి పాట పెడతాడు. రెండింటికీ కుదిరితే వదిలి వెళ్తాడు. కుదరకపోతే మళ్ళీ దుప్పట్లో చుట్టేస్తాడు, మీరెంత బతిమాలినా సరే. "పిల్లా మంచిదే, పిల్లోడూ మంచోడే. ఇద్దరికీ పడదండి" అని చెప్పి, మీ ఇంటి కాఫీ తాగి మరీ వెళ్ళిపోతాడు.

ఈ చూపులకు ఒక్కడూ రాడు. భార్య పుష్పకుమారి పక్కన ఉండాల్సిందే. ఆవిడ వచ్చి ఒక మూల కూర్చుని, "ఖాళీగా కూకోలేనమ్మా, సేతికి ఏటైనా పనియ్యండి" అని ఇంటావిడను అడుగుతుంది. ఏ ఇల్లాలు కాదంటుంది? గోంగూరో, చిక్కుడుకాయలో చాటలో పోసి ముందు పెడుతుంది. ఆయన పాట పెట్టి మీటలు తిప్పుతుంటే ఈవిడ వంచిన తల ఎత్తకుండా కాయలు తుంచుతూ ఉంటుంది. అరవై దాటిన మనిషి పెళ్ళాన్ని వదిలి గంట ఉండలేడని ఊళ్ళో అందరం నవ్వుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే, ముందే ఒప్పేసుకుంటున్నాను.

నా పేరు త్రినాధరావు. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కోపం నా ముక్కు మీదే కాపురం ఉంటుందని మా ఆవిడ పావని అంటుంది. ఆ మాట కూడా ఇక్కడే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది.

వరదానం సొంతూరు కోటవురట్ల దగ్గర ఒక పల్లె. పదిహేనో ఏట అనకాపల్లి వచ్చి మైకు సెట్ల షాపులో చేరాడు. జాతరలకీ, చర్చి మహాసభలకీ, ఎన్నికల మీటింగులకీ బాకా స్పీకర్లు భుజాన వేసుకుని స్తంభాలెక్కి కట్టేవాడు. అప్పట్లో ఆంప్లిఫయర్లన్నీ వాల్వులవే. గాజు బుడ్ల లోపల ఎర్రగా వెలుగుతూ, ముట్టుకుంటే చెయ్యి కాలేవి. తర్వాత ట్రాన్సిస్టర్లవి వచ్చాయి, అందరూ పాతవి గిరాటేశారు. వరదానం మాత్రం వాటిని ఏరి తెచ్చుకుని, బెల్లం మార్కెట్టు వెనక వీధిలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్లు తన చేత్తోనే చుట్టుకుంటాడు. పదిహేనేళ్ళుగా మళ్ళీ ఆ వాల్వుల పాట మీద మోజు పెరిగింది. పరవాడ కంపెనీల్లో ఇంజనీర్లు, విశాఖపట్నం డాక్టర్లు ఆయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు.

ఆయన దగ్గర ఒక డొక్కు మల్టీమీటరు తప్ప కొలిచే పరికరం మరొకటి లేదు. అంతా చెవితోనే. నేను ఒకసారి పరికరాలు కొనుక్కోమని సలహా ఇస్తే, "మీటరుకి ఓల్టులు తెలుత్తాయి గానీ పాట తెలదు కదండి మేస్టారూ" అన్నాడు. అంత గట్టిగా అన్నాడు గనక పక్క వీధిలో కూడా వినబడి ఉంటుంది. మామూలు మాట కూడా అరిచి చెప్పడం ఆయన అలవాటు. మైకులవాళ్ళ గొంతు అంతే అనుకునేవాణ్ణి. సెల్‌ఫోను మోగితే ఎప్పుడూ పుష్పకుమారే తీసేది. మొగుడికి దర్జా ఎక్కువైందనుకునేవాణ్ణి. ఫిజిక్స్ చెప్పినవాడికి కళ్ళెదుట ఉన్నది కనబడాలని ఎక్కడా లేదు.

రెండేళ్ళ కిందట నాకొక పిచ్చి పుట్టింది. విశాఖపట్నంలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర రెండు పెద్ద స్పీకర్లు కొన్నాను. ఛాతీ ఎత్తున ఉంటాయి, ఒక్కోటి ఇద్దరు మనుషులు పట్టాలి. పావని వాటిని చూసి "రెండు బీరువాలు తెచ్చారు, తలుపులేవి?" అంది. వాటికి వరదానం ఆంప్లిఫయరు పెట్టాలని నా పట్టుదల.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. జాతరలో కట్టే బాకా స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే వీధంతా వినిపిస్తుంది. నా బీరువాలు ఎదుట నుంచుని అంత చప్పుడు చెయ్యాలంటే వంద వాట్లు కావాలి. వరదానం ఆంప్లిఫయరుకున్నవి పదిహేను. అదొక చిక్కు. రెండోది ఓములది. స్పీకరు కరెంటుకు ఎంత అడ్డు చెబుతుందో ఓముల్లో కొలుస్తారు. ఆంప్లిఫయరు వెనక నాలుగు, ఎనిమిది, పదహారు అని మూడు పిన్నులుంటాయి. స్పీకరు ఓములెన్నో చూసుకుని సరైన పిన్నుకు కలపాలి. తప్పుచోట కలిపితే వాల్వులు ఆపసోపాలు పడతాయి, పాట బొంగురుపోతుంది. నా బీరువాల వెనక రేకు మీద ఎనిమిది అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది.

వరదానం రావాల్సిన వారంలోనే పుష్పకుమారి స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేశారు. ఆయన వచ్చే నెల చూద్దామన్నాడు. నేను ఊరుకుంటేనా? "నీ భార్య కాయలు తుంచకపోతే ఆంప్లిఫయరు మోగదా ఏమిటయ్యా?" అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా. మర్నాడు ఉదయం ఒక్కడే వచ్చాడు.

స్పీకర్ల చుట్టూ తిరిగాడు. చెక్క మీద కొట్టాడు. ఎందుకో నుదురు చిట్లించి, "నాలుగు పిన్నుకి పెట్టి సూద్దామేటండి?" అన్నాడు.

"ఎనిమిదని రాసుంటే నాలుగెందుకయ్యా? ముప్పై ఏళ్ళు ఓమ్ సూత్రం చెప్పినవాణ్ణి" అన్నాను.

ఎనిమిదికే కలిపాడు. ఎప్పుడూ పెట్టే క్యాసెట్టే పెట్టాడు. వాళ్ళ చర్చి క్వయరు ఇరవై ఏళ్ళ కిందట పాడిన పాటలు. హార్మోనియం వరకు బాగానే ఉంది. గొంతులూ పర్వాలేదు. ఢోలక్ మొదలైంది, ఇంక చూడండి, ఒక్కో దెబ్బకీ పాట మొత్తం కుంగిపోతోంది. అన్నం ముద్ద గొంతుకడ్డం పడ్డవాడు పాడుతున్నట్టుంది. వరదానం మైకు సెట్ల నాటి అలవాటు కొద్దీ వీధిలోకి వెళ్ళి కరెంటు స్తంభం దగ్గర నుంచుని విన్నాడు. లోపలికి వచ్చాడు. పుష్పకుమారి వచ్చి ఉంటే కూర్చునే మూలకేసి చూశాడు. అక్కడెవరూ లేరు. పావనికేసి చూశాడు. అది ఫోనులో వాళ్ళ చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు చూసి వరదానం మొహం తేటపడింది.

"బాగుందండి మేస్టారూ. కుదిరిపోనాది" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది బాగుందా? అసలు నీకు చెవులు పనిచేస్తున్నాయా?" అని అరిచేశాను.

అది కోపంలో అందరూ అనే మాట. ఆయన నా పెదవులకేసి చూశాడు. చూసి, తలవంచుకున్నాడు. క్యాసెట్టు ఆపాడు. తీగలు విప్పాడు. వాల్వులు చల్లబడేదాకా గడప దగ్గర కూర్చుని, ఆంప్లిఫయరును దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. కాఫీ తాగలేదు.

"ఏటండీ ఆ మాటా?" అని పావని నా మీద పడింది. "కాఫీలో పంచదార ఎంతెయ్యమంటారని ఆయన్ని ఎనకనుంచి మూడుసార్లు అడిగేను. పలకలేదు. ఎదటికొచ్చి అడిగితే సెప్పేరు. ఆయనకి నిజంగానే ఇనబడదేమో, ఆలోచించేరా?"

ఏం చెయ్యాలో తోచక, నా తప్పేమీ లేదని నాకు నేను నిరూపించుకోవడానికి, ఆ సాయంత్రం మీటరు తీసి స్పీకర్లను కొలిచాను. ఫోనులో సన్నటి ధ్వని నుంచి లావు ధ్వని దాకా ఒక్కోటీ పెడుతూ ఓములు లెక్క కట్టాను. పై స్వరాల దగ్గర ఎనిమిదే. ఢోలక్ మోగే చోటికి వచ్చేసరికి మూడు! రేకు మీద అచ్చు వేసిన అంకెను నమ్మి, చెక్క మీద కొట్టి నాలుగన్న మనిషిని నోరు మూయించాను. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కొట్టుకు వెళ్ళేసరికి వరదానం వాల్వులన్నీ పాత కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. తీగ చుట్టే యంత్రం మీద గుడ్డ కప్పేసి ఉంది.

"మానేత్తన్నాను మేస్టారూ. పరవాడ కంపెనీలో తారక్ అని ఇంజనీరు కుర్రోడు, సరుకంతా ఇచ్చీమని ఎప్పటినించో అడుగుతున్నాడు. ఆదోరం వత్తాడు."

నేను ఎదురుగా నుంచుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. స్పీకరు మూడు ఓములకి పడిపోతోందని, తప్పు నాదేనని, ఆయన చెప్పిన పిన్నే నయమని.

ఆయన నవ్వాడు. "పిన్ను తప్పు మీదేనండి. ఇనబడకపోడం నాది కదా. మూడని మీకు మీటరు సెప్పింది. ఇదివరకైతే నాకు ఢోలక్కే సెప్పేది." చేతిలో వాల్వును కాగితంలో చుట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "బాకాల పక్కన ముప్పయ్యేళ్ళు నించున్నాను. ఎడం సెవి ఎప్పుడో పోనాది. కుడిది సగముంది, ఆ సగంలో పాట లేదు, సప్పుడే ఉంది. ఎనిమిదేళ్ళు పుష్ప సేతులు సూసి నెట్టుకొచ్చేను. పాట పాడైతే దాని సెయ్యి ఆగిపోద్దండి. బాగుంటే తుంచతానే ఉంతాది. దానికి తెలదు నేను సూత్తన్నానని. మీరు సెప్పకండి."

నాకు దుఃఖమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ మేం ఎగతాళి చేసిన మూలలోనే ఆయన చెవులు కూర్చుని ఉన్నాయి.

పుష్పకుమారిని పలకరిద్దామని కొట్టు వెనకే ఉన్న వాళ్ళింట్లోకి వెళ్ళాను. మంచం మీద దిండు కింద కాలు ఎత్తి పెట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూడగానే గొంతు తగ్గించింది. ఆయనకు వినబడుతుందని కాబోలు! అలవాటు అలాంటిది మరి.

"మానేత్తానంతన్నారు బాబూ. మానేత్తే ఆ మనిషి బతకరు. తిండి మానీగలరు గానీ ఆ తీగలు సుట్టడం మానలేరు."

"మరి వినబడదు కదమ్మా" అని నాలుక కరుచుకున్నాను.

"నాకు తెలదేటండి?" అంది. "ఆ కేసెట్టులో మూడో పాటలో నా గొంతుంది, నేనొక్కద్దాన్నే పాడే సరణం. అదొచ్చినకాడ ఆయన తల తిప్పి నాకేసి సూసేవోరు. కేసెట్టు వచ్చిన కాడ్నించీ ఒకటే సూపు. ఎనిమిదేళ్ళ కిందట ఓరోజు ఆ సరణం వచ్చింది, ఎళిపోయింది, ఆయన సూళ్ళేదు. అప్పుడే తెలిసిపోనాది. నా సేతులు సూత్తన్నారని కూడా తెలుసు. అందుకే ఎవులింటికెళ్ళినా పనడుగుతాను. మీరు ఆయనకి సెప్పకండి బాబూ, సిన్నబుచ్చుకుంతారు."

ఇలా ఇద్దరూ ఒకే రహస్యాన్ని నాకు వేర్వేరుగా అప్పజెప్పి, రెండోవాళ్ళకు చెప్పొద్దన్నారు. నా కడుపులో మాట నిలవదని ఊరందరికీ తెలుసు. కానీ నోరు జారి ఒకసారి చేసిన నిర్వాకం చాలు. ఈసారి నోరు మూసుకుని, చెయ్యగలిగింది చేద్దామనుకున్నాను.

కాలి కట్టుతో పుష్పకుమారి మా ఇంటికి రావడం కుదరదు. కనక బీరువాలే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. మర్నాడు ట్రాలీ ఆటో మాట్లాడి, పరుపులు పరిచి, రెండింటినీ పడుకోబెట్టి తీసుకెళ్ళాను. బెల్లం మార్కెట్టు దగ్గర లారీలు అడ్డం ఉంటే అరగంట ఆగాం. దారిన పోయేవాళ్ళు ఎవరింటికి సారె అని అడిగారు. వరదానం కొట్టు తలుపు తీసి, వాటిని చూసి, నన్ను చూశాడు.

"తారక్‌ని వచ్చే నెల రమ్మను" అన్నాను. "ఈ రెండింటికీ సంబంధం కుదిర్చి అప్పుడు మానెయ్యి. కుదరలేదా, నేనే అట్టపెట్టెలు మోస్తాను."

వద్దన్నాడు. కానీ వద్దంటూనే స్పీకరు వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. నాకు అది చాలు.

రెండు వారాలు పట్టింది. పెద్ద ఇనప రేకులతో కొత్త ట్రాన్స్‌ఫార్మరు మొదలుపెట్టాడు. స్పీకరు వైపు చుట్లు తగ్గించి, లావు తీగతో, మూడు ఓములకి తగ్గట్టు చుట్టాడు. వాట్లు పెరగడానికి రెండు వాల్వులున్న చోట నాలుగు పెట్టాడు. లెక్కలు నేను వేశాను, చుట్లు ఆయన వేశాడు. నా లెక్క రెండుసార్లు తప్పింది. ఆయన చుట్టు ఒక్కసారీ తప్పలేదు. మధ్యలో నేను విసుక్కుంటే ఆయన వినబడనట్టు ఊరుకునేవాడు. అది వినబడకనో, వినదలుచుకోకనో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆఖరి రోజు ఆదివారం, చర్చి నుంచి ఆయన వచ్చాక. మంచాన్ని ఇద్దరం పట్టి ముందున్న కొట్లోకి జరిపాం. నేను వచ్చేటప్పుడే బజారులో అరకిలో చిక్కుడుకాయలు కొని తెచ్చాను. పుష్పకుమారి ఒళ్ళో చాట పెట్టి వాటిని పోశాను. ఆవిడ నాకేసి ఒక్క క్షణం చూసి, మొదటి కాయ చేతిలోకి తీసుకుంది. వరదానం కూడా చూశాడు, చూసి ఆంప్లిఫయరు మీట వేశాడు. నాలుగు వాల్వులూ ఎర్రబడ్డాయి. క్యాసెట్టు తిరిగింది.

మొదటి పాట. ఢోలక్ దెబ్బ పడింది. పుష్పకుమారి చెయ్యి ఆగింది. వరదానం వెనక్కి వెళ్ళి ఏదో తీగ మార్చి వచ్చాడు. మళ్ళీ దెబ్బ. ఈసారి చెయ్యి ఆగలేదు. ఈనె లాగడం, తుంచడం, ఈనె లాగడం, తుంచడం. నా చెవుల మీద నాకే నమ్మకం కలగలేదు. అంత బరువు పెట్టెలు అంత తేలిగ్గా పాడుతున్నాయి. పాడేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో తెలుస్తోంది. నేను ఆ మాట పైకి అనలేదు. ఆయన నాకేసి చూడటం లేదు. ఆయన కళ్ళు ఆ పది వేళ్ళ మీదే ఉన్నాయి. రెండో పాట అయింది. మూడోది మొదలైంది.

మూడో పాట మధ్యలో పుష్పకుమారి చెయ్యి ఆగిపోయింది.

వరదానం మొహం పాలిపోయింది. ఒక్క అంగలో ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్ళి మీట పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో ఆయనకు తెలియలేదు. నాకు ఏ తప్పూ వినబడలేదు మరి. ఆవిడకేం వినబడిందో!

పుష్పకుమారి చాట ఎత్తి ఆయనకు చూపించింది. ఖాళీ చాట.

"బాగానే ఉందండి. కాయలైపోనాయి" అంది. ఎదురుగా, పెదవులు కనబడేలా, నిదానంగా అంది.

వరదానం మీట వదిలేశాడు. ఆవిడకు తెలుసని ఆయనకు అప్పుడు అర్థమైంది. వినబడదనీ తెలుసు, చేతులు చూస్తున్నాడనీ తెలుసు. ఎనిమిదేళ్ళూ తెలిసే కాయలు తుంచింది. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. చొక్కా గుండీ పెట్టుకుంటూ, "ఉండు, ఇంకో అరకేజీ అట్టుకొత్తాను" అని గడప దాకా వెళ్ళాడు.

ఆవిడ చెయ్యి ఊపి పిలిచింది. "కాయలకి తరవాతెళుదురు గానీ ఇలగొచ్చి కూకోండి. నా సరణం వత్తంది."

ఆయన వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. చరణం ఎక్కడ మొదలైందో తెలిసేలా ఆవిడ ఆయన చేతి మీద వేలు వేసింది. స్పీకర్లలో ఇరవై ఏళ్ళ కిందటి పుష్పకుమారి పాడుతోంది. వరదానం తల తిప్పి, చేతులకేసి కాదు, ఆవిడ మొహంకేసి చూశాడు.